కత్తెర ఆగిన చోటు

నేను రసాయనశాస్త్రం మనిషినే, కానీ నా చేతికి ఆమ్లం మరక ఒక్కటి కూడా ఉండదు. అణువుల్ని కంప్యూటర్‌లో కదిలిస్తాను. జన్యువును కావలసిన చోట కోసే ప్రొటీన్ ఒకటుంది, కత్తెర అనుకోండి. దానికో దురలవాటు. అసలు చోటును పోలిన చోటు కనిపిస్తే అక్కడా కోసేస్తుంది. మనుషులకు మందుగా వాడాలంటే ఆ అలవాటు మాన్పించాలి. అదెందుకు తప్పు చోట కోస్తుందో తెర మీద చూడటమే ఇన్నేళ్లుగా నా పని. ఇంత సరదా పనికి జీతం కూడా ఇస్తున్నారని బయట గట్టిగా చెప్పను.

మా లెక్కల్లో ప్రొటీన్ చుట్టూ ఉండే నీటి అణువులే ఎక్కువ. ఫైళ్లు కొండలా పెరుగుతాయి కాబట్టి, లెక్క పూర్తవగానే నీళ్లు తీసేసి మిగతాది దాచుకుంటాం. పీహెచ్‌డీలో చేరగానే అబ్బే అలవాటు ఇది. ఆ శనివారం చైతన్యపురిలో నా అద్దె గది కింద కోచింగ్ పిల్లలు గోల చేస్తుంటే, ఆ పని మరిచిపోయి ఫైలు తెరిచాను. తెర నిండా నీళ్లే. విసుక్కుంటూ మూసేయబోయాను. అన్నీ గంతులేస్తున్నాయి, ఒక్క నీటి అణువు మాత్రం కదలదు. కోయకూడని చోట, డీఎన్ఏకీ ప్రొటీన్‌కీ మధ్య సందులో చేరి రెంటినీ పట్టి ఉంచింది. దాన్నక్కడ నిలబెడుతున్నది ప్రొటీన్‌లోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం. ఆ ఆమ్లాన్ని మారిస్తే నీరు నిలవదు, కత్తెరకు అక్కడ పట్టు దొరకదు. కుర్చీలోంచి లేచి గదంతా తిరిగేశాను. ఇన్నేళ్లూ జవాబును మేమే చేతులారా ఊడ్చి పారేస్తున్నామన్నమాట.

సోమవారం, ఆ మార్పు చేసి చూడమని అడగడానికి జీవశాస్త్ర విభాగంలోని మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ప్రొటీన్లను నిజంగా తయారుచేసేది ఆవిడే. విజయవాడ మనిషి, మాట కరుకు.

"మీ కంప్యూటర్ వాళ్లకేమమ్మా, కూర్చుని ఎన్నైనా చెబుతారు. నువ్వు కిందటిసారి చెప్పినవేవీ పనికిరాలేదు. ఈసారి ఒక్కటే చేస్తాను. అదీ తేలకపోతే ఇక నన్నడగొద్దు."

"ఒక్కటి చాలు మేడమ్. గిదే చేయుండ్రి," అన్నాను.

పైకి ధైర్యంగానే అన్నాను, లోపల భయమే. ఆ భవనంలో నా మాట విని పని మొదలుపెట్టేది ఆవిడ ఒక్కరే. ఆవిడా చేతులు దులిపేసుకుంటే నా చదువంతా ఇక తెర దాటి బయటికి రాదు. ప్రొటీన్ తయారయ్యేదాకా రోజులు లెక్కపెట్టాను. కారిడార్‌లో ఎదురైనప్పుడల్లా ఆవిడ మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికేదాన్ని. ఏమీ దొరకనిచ్చేది కాదు.

వనస్థలిపురంలో ఉండే అమ్మ దగ్గరికి వెళ్తున్న సాయంత్రం, మెట్రో దిల్‌సుఖ్‌నగర్ దాటుతుండగా ఫోన్‌కి ఫొటో వచ్చింది. మేడమ్ పంపారు. మాట ఒక్కటీ లేదు, గీతలు మాత్రమే. ముక్కకో గీత: డీఎన్ఏ తెగితే రెండు గీతలు, తెగకపోతే ఒకటి. కోయాల్సిన డీఎన్ఏ దగ్గర రెండున్నాయి. కోయకూడని దాని దగ్గర ఒకటే, లావుగా, చెక్కుచెదరకుండా ఉంది. పక్క సీటావిడ తిరిగి చూసేంతగా నవ్వాను. ఎల్బీనగర్‌లో దిగి, బేరం కూడా ఆడకుండా ఆటో ఎక్కేశాను.

అమ్మ తలుపు తీయగానే ఫోన్ ముందు పెట్టాను.

"ఏమైందే?"

"ఏం కాలే అమ్మా. తెగొద్దన్న కాడ తెగలే."

"ఏం కాకపోతే గింత ఖుషీ ఏంది నీకు?"

కూర్చోబెట్టి, ఏ గీత ఏమిటో చెప్పాను. కళ్లద్దాలు పెట్టుకుని ఫొటోను పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"గిది గూడ నీ కంప్యూటర్ల జరిగిందేనా?"

"కాదమ్మా. నిజంగ జరిగింది. మేడమ్ చేత్తోని చేసిండ్రు."

నా పని గురించి ఆ 'నిజంగ' అనే మాట నేను అనడం అదే మొదటిసారి. దారి పొడవునా నవ్వుకుంటూ వచ్చినదాన్ని, అమ్మ పక్కన కూర్చుని ఏడ్చేశాను.