జైలు చొక్కా తొడిగిన బూజు

కోపంలో డాక్టర్ రూతమ్మను మించిన మనిషి లేదు. హిందూపురంలో, పంటల జబ్బులు తేల్చే ల్యాబులో ఆమె ఒక్క కేక వేస్తే ధర్మవరం స్టేషన్లో ఆగిన రైలు కదిలిపోయింది. సరే, అది కదలాల్సిన వేళే. కానీ స్టేషన్ మాస్టరు చేతిలో టీ ఒలికిందన్న మాటను మాత్రం కొట్టిపారేయలేం.

ఆమె కోపమంతా బూజుల మీదే. గాజు పళ్లెంలో మొలిచిన ప్రతిదాన్నీ పేరు పెట్టి తిడుతుంది. మధ్యలో నిలబడ్డ మనుషులకు తలా నాలుగు చినుకులు తగులుతాయి.

పెనుకొండ దగ్గరి లింగప్పకు కుండపోత వానే తగిలింది. అతని ద్రాక్షతోటలో కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతున్నాయి. "నీ పెండ్లాం చెయ్యి పడినంకనే చెట్లు సస్తాండాయి. రొళ్లకు, వాళ్ల నాయన ఇంటికి పంపించేయ్!" అని తల్లి ముత్యాలమ్మ పోరు. భార్య యశోదను పంపలేక, తల్లికి ఎదురు చెప్పలేక, లింగప్ప ఒక ఎండుకట్టె సంచిలో పెట్టుకుని ల్యాబుకు పరుగెత్తాడు.

"ఏమప్పా, ఇది శవం! శవాన్నడిగితే దొంగ పేరు చెప్తాదా?" రూతమ్మ కట్టెను బల్లకేసి కొట్టింది. "సచ్చిన కట్టె, బతికిన కట్టె కలిసేచోట ఉంటాడు వాడు. ఆడ కోసుకోని రా!"

"పచ్చి మాను కొయ్యాలంటే మనసొప్పలేదు మేడమ్."

"నీకు మనసొప్పకపోతే వానికి పండగ! పో!"

ఈసారి లింగప్ప సరిగ్గానే తెచ్చాడు. పళ్లెంలో బూజు దూదిలా తెల్లగా, పసిపిల్లంత అమాయకంగా లేచింది. "నా దగ్గరనా నీ నాటకాలు?" అని రూతమ్మ రోజూ గదమాయించింది. అది బూడిదరంగుకు తిరిగి, చివరకు నల్లబడింది. అప్పుడామె లింగప్ప మెడ పట్టి మైక్రోస్కోపులోకి వంచింది. గోధుమరంగు బూజు గింజ, నడుమ అడ్డగీత, ఒంటినిండా నిలువు చారలు.

"చూసినావా? జైలు చొక్కా తొడుక్కోనే వచ్చినాడు! వీని పేరు లాసియోడిప్లోడియా. కత్తెర గాయంలోంచి దూరే దొంగ!"

లింగప్ప రెండు చేతులూ జోడించాడు. ఇప్పుడు తోటలో కత్తెర పట్టేది యశోదే.

"ఈ మాట మాయమ్మ చెవిన పడితే నా సంసారం అయిపోయినట్లే మేడమ్" అని ఇంటి సంగతంతా చెప్పాడు.

"జీపెక్కు" అంది రూతమ్మ.

తోటలో అత్తాకోడళ్ల ముందే సగం ఎండిన మానొకటి అడ్డంగా కోయించింది. గోధుమ మచ్చ నడిబొడ్డున, ఒక పాత గాయం దగ్గర మొదలైంది. దాని చుట్టూ ఏళ్ల తరబడి కట్టె పెరిగింది.

"ఈ పిల్ల కాపురానికి ఎప్పుడొచ్చింది?"

"పోయిన ఉగాదికి" అన్నాడు లింగప్ప.

"గాయం అంతకన్నా ముసలిది. తడి గాయంలోకే వీడు దూరేది. అప్పట్లో వాన తడి ఆరకముందే కొమ్మలు కత్తిరించిందెవరు?"

ముత్యాలమ్మ ముఖం పాలిపోయింది. ఆ రోజుల్లో కత్తెర ఆమెదే. ఇక పిడుగు పడుతుందని లింగప్ప కళ్లు మూసుకున్నాడు.

రూతమ్మ ముసలామెను ఒక్క క్షణం చూసి, గిరుక్కున మాను వైపు తిరిగింది. "సిగ్గుండాదా రా నీకు? ఆడమనిషి వానలో పడి పని చేసుకుంటాంటే సందు చూసి దూరతావా? అత్తాకోడళ్లకు తగువు పెడతావా?" పెనుకొండ కోట గోడలు ప్రతిధ్వనించేలా తిట్టింది.

కాసేపటికి ముత్యాలమ్మా గొంతు కలిపింది. "నీ వంశం నాశనమైపోనూ! బంగారట్లాంటి కోడలి మీదికి నింద తెస్తావా?"

యశోద కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. "మిగిలిన చెట్లు బతుకుతాయా మేడమ్?"

"మచ్చ కిందికి, తెల్లకట్టె వచ్చేదాకా కొయ్యి. గాయానికి మందు పుయ్యి. చిగురెందుకు రాదో నేనూ చూస్తా!"

లింగప్ప ఈ కథ హిందూపురమంతా చెప్పుకు తిరిగాడు. నిజమేనా అని అడిగినవాళ్ల మీద రూతమ్మ విరుచుకుపడింది.

"వట్టి అబద్ధం! నేను పెనుకొండకే పోలేదు. మానును తిట్టేదానికి నాకేమన్నా పిచ్చా? అసలు నాకు కోపం వచ్చింది యాడ చూసినారు మీరు?"