మందిరానికి వచ్చిన రైలు ఫోన్లు

ఆ రోజుల్లో వెబ్‌సైట్ చేయగలిగినవాడు ఏమైనా చేయగలడని మా పెద్దమ్మకు గట్టి నమ్మకం. (నాక్కూడా ఉండేదనుకోండి.) ఢిల్లీ పక్కన నోయిడాలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరి, దగ్గర్లోని వైశాలిలో ఆవిడ ఇంట్లోనే తిని ఉంటున్న కాలమది. ఆవిడ ఘాజియాబాద్‌లో నర్సు. వాళ్ళ తెలుగు ప్రార్థన మందిరమంటే ఒక అద్దె హాలు, ఆదివారాలు సగం కుర్చీలు ఖాళీ. క్రిస్మస్‌కల్లా జనం పెరగకపోతే హాలు వదులుకోవలసిందేనని పాస్టరుగారు చెప్పేసరికి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. "ఒరేయ్, సెర్చింజన్లో ఎవరెవరినో పైకి తెస్తావంట కదా, మన మందిరాన్ని తే!"

జనం ఏ మాటలు కొట్టి వెతుకుతారో ఆ మాటలు పేజీలో ఉండాలన్నదే నాకు తెలిసిన విద్య మొత్తం. ఆ ముక్క మందిరంలో అందరిముందూ చెప్పడం నా తెలివితక్కువతనం. ఢిల్లీలో తెలుగువాళ్ళకు ఎవరి ఊరు వాళ్ళకు ప్రాణం. "మా తెనాలి పేరు కూడా రాయి నాయనా" అని ఒకరు, "నరసాపురం లేకుండా ఏం పేజీ అది?" అని మరొకరు. చివరికి పేజీ అడుగున కోస్తా ఊళ్ళన్నీ బారులు తీరాయి, పక్కన ఢిల్లీ, కింద పాస్టరుగారి ఫోన్ నంబరు. పేజీ ఇట్టే పైకెక్కింది. నేను కాలరెగరేశాను.

వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. "సార్, తెనాలికి బెర్తు దొరుకుద్దా?" అన్నీ ఇవే. ఢిల్లీ, తెనాలి అని కొట్టేవాడికి కావలసింది రైలని నాకు తట్టనేలేదు. పెద్దమ్మ "మందిరం పేజీ చెయ్యరా అంటే స్టేషన్ కట్టాడు, అచ్ఛా హై!" అని నాతో మాట్లాడడం మానేసింది. సిగ్గేసి ఊళ్ళు తీసేస్తానంటే పాస్టరుగారు, "ఉండనీ బాబూ, ఫోన్ చేసే పిల్లలు తెలుగులో మాట్లాడతన్నారు" అని, రైల్వే టైంటేబుల్ కొనుక్కుని ఓపిగ్గా జవాబులు చెప్పేవారు.

డిసెంబరులో ఏ రైలుకీ టికెట్ లేదు. ఆ మాట చెప్పి ఆయన ప్రతివాడికీ ఇంకో మాట కలిపేవారు. "పండగపూట ఒక్కడివే ఏం తింటావు, మా దగ్గరికి రా." క్రిస్మస్ ఉదయం కుర్చీలు చాలక కుర్రాళ్ళు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. సగం మందికి పాటలు రావు, బిర్యానీ దగ్గర మాత్రం ఎవరూ తడబడలేదు. హాలు నిలిచింది. పెద్దమ్మ నాకు లెగ్ పీసు వేసింది.

మర్నాడే నా బయోడేటాలో సెర్చింజన్ నిపుణుడని రాసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఈరోజుకీ నా కూడు ఆ పనితోనే. పేజీకి సంబంధంలేని మాట ఒక్కటి కనిపించినా తీసిపారేస్తాను. రైలు కోసం వెతికే కుర్రాడు ఇప్పుడు నేరుగా రైళ్ళ పేజీకే వెళ్తాడు, టికెట్ లేదని చూసుకుని, పాపం, గదిలోనే ఉండిపోతాడు.