పెద్ద క్యామా, చిన్న క్యామా

మా ఆయనకు నిజామాబాదులో మెకానిక్ షెడ్డు ఉంది. ఏళ్ల తరబడి ఇతరుల బండ్లు బాగుచేశాక, రెండు సిలిండర్ల వి-ట్విన్ మోటారుసైకిలు పాతది ఒకటి కొనుక్కున్నాడు. పున్నమి పున్నమికీ దాని మీదే కందకుర్తి పోయి గోదావరిలో మునిగి వస్తాం. బస్సు కుదుపులకు నా నడుము తట్టుకోదు. ఈ బండి నిదానంగా పోతే తట్టుకుంటుంది. ఇది లేకుంటే నాకు ఆ స్నానం లేదు.

ఈ ఏడు బండిలో క్యామ్ అరిగింది. ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే ఇరుసు అది.

"ఎట్లాగూ మార్చాలె, జోరుగ ఉండేదే ఏసుకుందాం" అన్నాడు.

కేటలాగు ఇంగ్లీషులో ఉంది. నేను బడికి పోలేదు. బాపు పాత పంచాంగాల వెనక రాయించి నేర్పిన కాస్త ఇంగ్లీషుతోనే కూడబలుక్కుని చదివాను. మా బండికి రెండు రకాలున్నాయి. చిన్న క్యామ్ తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది. పెద్దదానికి ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు దాటితే గానీ బలం రాదు. అంతలోపు కుదుపుతూ గుంజుకుంటూ పోతుంది.

"గిట్ల గుంజితే నా నడుము ఉంటదా?"

"ఒక్కసారి ఉరికితే సూడు, గాలిల తేలినట్టుంటది."

"తేలేది నువ్వు. పడేది నేను."

తేలని మాటకు దేవుని ముందు చీటీలు వేయడం మా ఇంటి అలవాటు. వేశాడు. పెద్దదే వచ్చింది. వచ్చిన చీటీని కాదనడం మాకు లేదు. దండం పెట్టి ఊరుకున్నాను. వాదించే ఓపిక కూడా లేదు.

దీపం వత్తి సరిచేస్తుంటే తోచింది. మనకు తెలియనిది కదా దేవుణ్ణి అడగాలి. మేం పోయే వేగానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో మీటరే చెబుతుంది.

పున్నమి నాటికి కొత్తది ఇంకా తెప్పించలేదు. అరిగిన క్యామ్‌తోనే పోతుంటే, ఆయన భుజం మీంచి మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ఎడపల్లి దాటగానే ముందర చెరుకు ట్రాక్టరు. లోడు రోడ్డు మీదికి ఒరిగి ఉంది, దాటే సందు లేదు.

"ఎంతున్నది?" ఆయన నోటితోనే చెప్పించాలని అడిగాను.

"రెండు వేలు."

బోధన్ దాటాక ఇంకో ట్రాక్టరు.

"ఇప్పుడో?"

"రెండు వేలే. ఊకె అడగకు."

కందకుర్తి దాకా ముల్లు మూడు వేలు తాకలేదు.

స్నానమయ్యాక అంగీ జేబులోంచి చీటీ తీశాడు. "దేవుడు ఇచ్చిండు గద. ఎట్ల మరి?"

"ఎరుకున్న ముచ్చట ఆయన్ను అడిగినం. తప్పు మనదే."

దేవుని ముందు పెట్టినదాన్ని మేం చెత్తలో వేయం. చీటీని కళ్లకద్దుకుని, మంజీర వచ్చి కలిసే చోట నీళ్లలో విడిచాడు.

తిరుగుదారిలో మళ్లీ ట్రాక్టరు వెనకే. వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "చిన్నదే తెప్పిస్త తియ్."

ఇల్లు చేరేదాకా నడుము నొస్తూనే ఉంది. అయినా చిన్నది వేస్తే వచ్చే పున్నమికీ పోవచ్చు. ఆయన వీపుకు నుదురు ఆనించి, మనసులోనే దేవునికి దండం పెట్టుకున్నాను.