కంబదూరు నుంచి తెచ్చిన లాంతరు

ఓడను బొమ్మలో తప్ప చూడని పల్లెకు, ఓడలకు రంగులేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు నేర్పడానికి బయల్దేరాను. అది 2003 వేసవి. కిందటేడు వానలు ముఖం చాటేసి వేరుశనగ ఎండిపోవడంతో కంబదూరు దగ్గర కొందరు మంగళూరు రేవులో రంగుల పనికి కుదిరారు. వాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వమని, పనికి కుదిర్చిన మేస్త్రీ కబురుపెట్టాడు. విశాఖ రేవులో ఈ జాగ్రత్తలు నేర్పే పనిలోనే తల నెరిసిందన్న గర్వాన్ని మాస్కులతో పాటు సంచిలో వేసుకున్నాను.

రైలు అనంతపురం చేరేసరికి తెల్లవారుజామున ఐదు. స్టేషను బయట ఇడ్లీ తిని, కల్యాణదుర్గంలో బస్సు మారాను. కిటికీ సీటు కోసం పోట్లాడి మరీ కూర్చున్నాను. నెరిసిన నా తల ఎర్రమట్టితో అలికినట్టయింది.

"యాడికి పోతాండావు సార్?" అన్నాడు పక్కనున్న గొర్రెల కాపరి.

ఓడల సంగతి చెప్పాను. అతను బయట బీడు చూసి, నన్ను చూసి, "బాగుండాది. ముందు నీళ్లు తెప్పీ సార్, ఓడ సంగతి మేం జూసుకుంటాం" అన్నాడు. బస్సంతా నవ్వింది.

పల్లె చేరి, బడి వరండాలో మాస్కు తగిలించుకుని గంభీరంగా ఉపన్యసించాను. ఒక్క ముక్క ఎవరికీ వినబడలేదట. తీసేసి మళ్లీ చెప్పాను. "ఓడ అడుగున ఇనప గదులుంటాయి. అక్కడ రంగేస్తే, రంగు పలచన చేయడానికి కలిపే థిన్నరు ఆవిరి నిండిపోతుంది. మాస్కు లేకుండా దిగొద్దు."

బావుల్లో పూడిక తీసే ఓబులేసు లేచాడు. "చెడ్డగాలి మాకు కొత్త గాదు సార్. పాతబావిలో దిగేముందు లాంతరు ముట్టించి తాడుతో దింపుతాం. ఆరిపోతే దిగం. ఆడ కూడా అట్లే జేస్తాం."

"భేష్!" అన్నాను. అంతటితో ఊరుకోక, పెద్దల తెలివి అంటూ చప్పట్లు కూడా కొట్టించాను. ఓబులేసు భార్య నారమ్మ పెట్టిన రాగిసంగటి, వేరుశనగల ఊరిబిండి పచ్చడి మారు వడ్డించుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. పనికి కుదిరినవాళ్లు మంగళూరు వెళ్లడానికి సాయంత్రం బళ్లారి బస్సెక్కుతారు.

సంగటి మత్తులో కునుకుతుంటే కండక్టరు అరుపు వినబడింది. ముందు సీటు ఆయన కాళ్ల దగ్గర పెట్రోలు డబ్బా, నోట్లో బీడీ.

"ఏమప్పా! డబ్బా పెట్టుకోని అగ్గి గీస్తాండావే, అందర్నీ కాలుస్తావా?"

ఓబులేసు లాంతరు గుర్తొచ్చింది. బావిలో చెడ్డగాలి దీపాన్ని ఆర్పుతుంది. థిన్నరు ఆవిరి దీపం తగిలితే అంటుకుంటుంది, గది గదే పేలిపోతుంది. ఓరి దేవుడా, దానికా నేను చప్పట్లు కొట్టించింది!

"ఆపండి!" అని కేక పెట్టాను.

"కడుపు గడబిడనా సార్?" అన్నాడు కండక్టరు.

"అంతకంటే ఎక్కువప్పా" అని దూకాను. పల్లెలో ఫోను లేదు. ఎదురొచ్చిన నీళ్ల ట్యాంకరు ట్రాక్టరును బతిమాలి ఎక్కాను. చేరేసరికి అందరూ మూటలతో రోడ్డు మీద ఉన్నారు. ఓబులేసు మూట మీద లాంతరు, గాజు తళతళా తుడిచి, నిండా కిరసనాయిలు పోసి.

"అది దింపితే పేలిపోతారయ్యా! బీడీ, అగ్గిపెట్టె కూడా వద్దు. గాలి చూసే యంత్రం పెట్టి సరే అన్నాకే దిగండి."

"పొద్దున చప్పట్లు కొట్టిస్తివి గదా సార్?" అన్నాడు ఓబులేసు.

"నా మొహం! తప్పు చెప్పాను."

"యంత్రం పెట్టకుంటే?"

"పని వదిలేసి రండి."

"వచ్చి ఏం తినల్ల?"

నారమ్మ ముందుకొచ్చి మూట మీది లాంతరు విప్పింది. "ఉండేదే తిందాం, నువ్వు వచ్చేయ్" అని మొగుడితో అని, దాన్ని నా చేతిలో పెట్టింది. "నువ్వు ఎత్తుకపో సార్. ఈడుంటే మళ్లా మూటలో పెట్టుకుంటాడు."

"తిరిగొచ్చినాక నా లాంతరు అడుగుతా. ఇయ్యల్ల" అన్నాడు ఓబులేసు బస్సెక్కుతూ.

రాత్రి రైల్లో టీసీ నన్ను పట్టుకున్నాడు. రైల్లో కిరసనాయిలు తేకూడదని తెలీదా అని చీవాట్లు పెట్టి, తర్వాతి స్టేషనులో పారబోయించి, "ఇంతకీ మీరేం చేస్తుంటారు?" అన్నాడు.

"ప్రమాదాలు జరక్కుండా చూస్తుంటానండీ."

పెట్టె పెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత లాంతరు ఒళ్లో పెట్టుకుని విశాఖ దాకా కూర్చున్నాను. కళ్లు మూస్తే భయం వేసింది. ఓబులేసు వచ్చి దీన్ని అడగాలి. అడిగితే చాలు.