మూడోసారి పిలిస్తేనే పలకాలి

మా ఇంటికి చుట్టాలొచ్చి, మాటలన్నీ అయిపోయి అందరూ ఫ్యాను వైపు చూస్తున్నప్పుడు మా ఆవిడ సంధ్య ఒక మాట అంటుంది: "మా ఆయన్ని ఆ దీవి సంగతి అడగండి." అడిగేలోపు తనే చెప్పేస్తుంది. అదీ నేను వెర్రిమొహంలా కనిపించే చోట్లు మాత్రమే ఏరి చెబుతుంది. అందుకని ఈసారి నేనే రాస్తున్నాను. ఇందులో ఒక పడవ పక్కకి ఒరిగిపోతుంది, ఆరు వారాల వయసున్న ఒక కాపురం ఇంచుమించు ఒరిగిపోబోతుంది, నా పరువు సంగతి మీరే చూస్తారు. నవ్వుకుంటూ చదవండి. చివర్లో నవ్వు ఆగిపోతే మాత్రం నన్ననొద్దు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. నాకప్పుడు ఇరవై తొమ్మిది. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో మా నాన్న పెళ్ళికార్డుల దుకాణంలో కూర్చునేవాణ్ణి. సంధ్య వాళ్ళది కాకినాడ వైపు. ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. తను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళంతా మిక్చర్ నములుతూ ఉంటే ఆ పిల్ల సూటిగా నన్నే అడిగింది, మీకు దయ్యాలు, శకునాలు, దిష్టి లాంటి నమ్మకాలేమైనా ఉన్నాయా అని. అంతకుముందు ఒక సంబంధం వాళ్ళొచ్చి రాహుకాలం పోయేదాకా టీ ముట్టుకోమని కూర్చున్నారట. ఆ టీ చల్లారేలోపే వాళ్ళని సాగనంపేసిందట.

"నాకా? ఛ, అలాంటివేం లేవు. మనదంతా సైన్సే" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నా ప్యాంటు జేబులో మా నాయనమ్మ పెట్టిన నిమ్మకాయ ఉంది. ఏం చేయమంటారు? ఆ పిల్ల నాకు చూడగానే నచ్చేసింది. నిమ్మకాయ సంగతి చెబితే టీ కూడా రాదేమోనని భయమేసింది.

మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆమె నాకు నేర్పిన చట్టాలు చాలా ఉన్నాయిగానీ, అన్నిటికంటే పెద్దది ఒకటుంది. "బిడ్డా, ఎరుకలేని జాగల ఎవరన్న పేరువెట్టి పిలిస్తె పలకకు. మనిషైతే మూడుసార్లు పిలుస్తడు. గదైతే రెండుసార్లే పిలుస్తది. మూడోసారి దానికి చాతగాదు." ఆ 'గది', అంటే 'అది', ఏమిటని చిన్నప్పుడు అడిగితే చేత్తో నా నోరు మూసింది. మా ఇంట్లో ఈ చట్టం ఎంత గట్టిగా అమలయ్యేదంటే, ఎరిగిన సొంత గుమ్మంలో కూడా రెండు పిలుపులకి ఎవరమూ కదిలేవాళ్ళం కాదు. కొరియర్ వాళ్ళు విసిగి వెళ్ళిపోయేవారు. గ్యాసతను మాత్రం తెలివైనవాడు, మూడు కేకలూ ఒకే ఊపిరిలో వేయడం నేర్చుకున్నాడు.

పెళ్ళయ్యాక అండమాన్ వెళ్ళాం. అందరూ ఎక్కే పెద్ద పడవలో పాటలూ డాన్సులూ ఉంటాయని తెలిసి సంధ్య మొహం చిట్లించింది. నాకు సముద్రం చూడాలని ఉంది, జనాన్ని కాదు అంది. సరేనని నేను దర్జాగా ప్రైవేటు టూరు మాట్లాడాను. మన ఇద్దరికీ ఒక పడవ, ఒక గైడు, ఎవరూ వెళ్ళని ఒక చిన్న దీవి, మధ్యాహ్నం రెండు గంటలు బీచ్‌లో మన ఇష్టం. ఎవరూ వెళ్ళని దీవికి ఎవరూ ఎందుకు వెళ్ళరో అడగాలన్న ఆలోచన నాకు రాలేదు.

గైడు పేరు అప్పలరాజు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం. పడవ నడిపేదీ అతనే. దారంతా హుషారుగా చేపల పేర్లు చెప్పినవాడు, దీవి దగ్గరయ్యేసరికి మాటలు తగ్గించేశాడు. ఫోన్లు తడుస్తాయని తీసుకుని పసుప్పచ్చ డబ్బాలో పెట్టి మూత బిగించాడు. గంట కొట్టినట్టు ఒకటే చెప్పాడు. రెండున్నరకి బయల్దేరిపోవాలి, ఆ తర్వాత నీరు లాగేస్తుంది, పడవ రాళ్ళ మీద కూర్చుండిపోతుంది, మళ్ళీ నీరెక్కేదాకా కదలదు. తను పడవ దగ్గరే ఉంటాడట, టైమవగానే మమ్మల్ని పిలుస్తాడట.

"మరి చీకటి పడ్డాక ఇక్కడ ఎవరూ ఉండరా?" అని సంధ్య అడిగింది.

"ఉండరండి" అన్నాడు.

ఎందుకుండరు అని తను మళ్ళీ అడిగితే తాడు ముడి వేసుకుంటూ ఉండిపోయాడు. దోమలెక్కువై ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దీవిలో అడుగుపెట్టగానే నాకు తేడాగా అనిపించింది. ఒక్క కాకి లేదు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాడికి కాకీ హారనూ లేని చోటు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. చెట్ల మధ్య ఇంగ్లీషువాళ్ళ నాటి ఇటుకల ఇల్లొకటి, తలుపుల్లేవు, కప్పు లేదు, గోడ పొడుగునా వేళ్ళు దిగిపోయి ఉన్నాయి. చుట్టూ ఎండుటాకులు పిక్కల దాకా ఉన్నాయి. ఇంటి లోపల మాత్రం నేల అప్పుడే చీపురుతో ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది.

"గాలికి ఆకులన్నీ బయటికి కొట్టుకుపోయుంటాయి" అంది సంధ్య. నేనూ అదే అనుకున్నానన్నాను. అప్పలరాజు టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ ఇల్లు దాటాక మళ్ళీ పెట్టుకున్నాడు. దాని గురించి ఏమీ చెప్పలేదు. గైడన్నవాడు చెప్పకుండా దాటేసిన చోటు ఏదైనా ఉందంటే జాగ్రత్తపడాలని ఇప్పుడు నాకు తెలుసు.

అవతలి ఒడ్డున మమ్మల్ని వదిలి అతను వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి పడవకి పది నిమిషాల నడక. ఇసుక పాలపొడిలా ఉంది, నీళ్ళలో అల అన్నదే లేదు. సంధ్య చెప్పులు విడిచి, పాదాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. తనని అంత తృప్తిగా నేను అప్పటిదాకా చూడలేదు. నాకూ చాలా సంతోషంగా అనిపించింది. అంతలో వెనక ఆకుల్లో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. ఒకరు కాదు, పదిమంది దాకా. నేను కూర్చున్నచోటే గట్టిపడిపోయాను. సంధ్య వెనక్కి చూసి, శంఖాల్లో కాపురముండే పీతలండీ, ఎండుటాకుల మీద పాకుతున్నాయి అంది. నాకు తెలుసు, నాకు తెలుసు అంటూ తెగ నవ్వేశాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు.

"మిమ్మల్ని చేసుకోవడానికి ఇదే కారణం తెలుసా? మీరు దేనికీ భయపడరు. నాతో అబద్ధం చెప్పేవాళ్ళంటే నాకు పడదు" అంది సంధ్య.

నేను సముద్రం వైపు చూస్తూ గంభీరంగా తలూపాను. ఈ మనిషి దగ్గర నా నిమ్మకాయ ఎప్పటికీ బయటపడకూడదని ఆ క్షణంలో గట్టిగా అనుకున్నాను.

కాసేపటికి మబ్బు కమ్మింది. చినుకు పడలేదు, గాలి మాత్రం మొదలైంది. నీళ్ళ రంగు పలకలా మారిపోయింది. అప్పుడు వినబడింది.

"శ్రీనివాసూ..."

నా పేరే. చెట్లలోంచి. తొందరేమీ లేని గొంతు. పిలిచినవాళ్ళకి నేను వస్తానని ముందే తెలిసినట్టుంది. మోచేతుల దాకా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పలకడానికి నోరు సగం తెరిచాను కూడా, నాయనమ్మ గుర్తొచ్చి టక్కున మూసేశాను. మూస్తూ నాలుక కొరుక్కున్నాను. ఒకటి. ఎరుకలేని జాగ. ఇంకా రెండున్నాయి.

సంధ్య వైపు చూశాను. నీళ్ళలో ఆడిస్తున్న పాదాలు ఆగిపోయి ఉన్నాయి. మొహం మాత్రం సముద్రం వైపే. తనకి వినబడలేదనుకుని, వినబడితే వెళ్ళి చూద్దామంటుందని భయపడి, పెళ్ళికార్డుల్లో వాడే కాగితం రకాల గురించి గట్టిగా ఉపన్యాసం మొదలెట్టాను. హనీమూన్‌లో కాగితం మందం గురించి మాట్లాడిన మగవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. తను ఊఁ కొడుతూనే ఉంది.

"శ్రీనివాసూ..."

రెండు. ఈసారి కాస్త దగ్గర్నుంచి. నా ఉపన్యాసం మధ్యలో తెగిపోయింది. ఇక నా దృష్టంతా మూడో పిలుపు మీదే. పిలువు తండ్రీ, ఇంకొక్కసారి పిలువు, అప్పలరాజువే అయితే పిలువు అని లోపల దండం పెట్టుకున్నాను. రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. అంటే నాయనమ్మ లెక్క ప్రకారం అది మనిషి కాదు. మనిషి కానిది పడవకి వెళ్ళే దారిలోనే నిలబడి ఉంది. అలాంటప్పుడు ఏం చేయాలో నాయనమ్మ చెప్పలేదు.

"ఇంకాసేపు కూర్చుందామా? నీకు సముద్రం ఇష్టం కదా" అన్నాను.

"కూర్చుందాం" అంది వెంటనే. ఆ వెంటనే అన్న తీరు నాకు అనుమానం రప్పించాల్సింది. అప్పటికి నా బుర్ర పనిచేయడం మానేసింది.

అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. పాదాల దగ్గరి నీళ్ళు పోయి తడి ఇసుక వచ్చింది, ఆ తర్వాత నల్లటి రాళ్ళు తేలాయి. నీళ్ళెంత దూరం వెళ్ళిపోయాయో చూశారా అంది సంధ్య. ఇద్దరం మొహాలు చూసుకుని లేచి పరుగు లంకించుకున్నాం. చెట్ల దగ్గరికొచ్చేసరికి, ఆడవాళ్ళు ముందు నడవడం మర్యాద అని తనని ముందుకి పంపాను. ఆ మర్యాద గురించి ఇప్పటికీ మా ఇంట్లో మాట్లాడుకుంటారు.

పడవ రాళ్ళ మీద ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. అప్పలరాజు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కోప్పడలేదు. "పిలిసినాను గదండీ. ఎవులూ రాలేదు" అన్నాడంతే. మళ్ళీ నీరెక్కడానికి ఆరున్నర దాటుతుందట. అక్కడ అయిదున్నరకే పొద్దు గూకుతుంది.

సంధ్య నా వైపు తిరిగింది. "మీకు పిలుపు వినబడలేదా?"

లేదు అంటే సరిపోయేది. అంతకుముందు ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది కష్టం కాదు కూడా. కానీ నాతో అబద్ధం చెప్పేవాళ్ళంటే పడదన్న ఆ మొహం ఎదురుగా ఉంది. అంతా కక్కేశాను. రెండు పిలుపులు, మూడో పిలుపు కోసం ఎదురుచూపు, నాయనమ్మ, పెళ్ళిచూపుల నాటి నిమ్మకాయ, అన్నీ. భయంలో నా పుస్తకాల తెలుగు ఎగిరిపోయి రాంగోపాల్‌పేట్ దిగింది.

"జెర మాఫ్ జెయ్యి సంధ్యా. నాకు గూడ భయమైతది. చిన్నప్పటి సంది అయితది" అన్నాను.

తను ఒరిగిన పడవ వైపు తిరిగింది. అయిపోయింది, రేపటి విమానంలో ఏ.ఎస్. రావు నగర్‌కి ఒక టికెట్టు, రాంగోపాల్‌పేట్‌కి ఒక టికెట్టు అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నేనూ విన్నానండీ. రెండుసార్లు. మూడోది రాలేదని నేనూ పలకలేదు" అంది చివరికి.

ఫిజిక్స్ లెక్చరర్. వాళ్ళ అమ్మమ్మ కూడా కాకినాడలో ఇదే చట్టం నేర్పిందట. ఎన్ని పుస్తకాలు చదివినా లోపలి నుంచి పోలేదట. అది పోవాలనే నమ్మకాల్లేని మొగుణ్ణి వెతుక్కుందట, పక్కన ధైర్యంగా ఒకడుంటే తనకీ ధైర్యం వస్తుందని. అలాంటి మనిషికి నేను దొరికాను. ఇద్దరం ఇసుకలో కూలబడి పొట్టలు పట్టుకుని నవ్వాం. నా గుండెల మీది బరువంతా దిగిపోయింది. అంత హాయిగా నేను పెళ్ళిలో కూడా నవ్వలేదు. అప్పలరాజు మాత్రం మమ్మల్ని చెట్లకి వీపు పెట్టి, సముద్రం వైపే చూస్తూ కూర్చోమన్నాడు.

చీకటి పడ్డాక నీరెక్కింది. పడవ లేచింది. దీవి కొంచెం వెనకబడ్డాక సంధ్య నవ్వుతూ అతనితో, మీరు ఇంకొక్కసారి పిలిచుంటే పరిగెత్తుకుని వచ్చేవాళ్ళం అంది.

అప్పలరాజు మోటారు వేగం తగ్గించాడు. "నేను ఈలేసినానమ్మా. గాలికి మీకు ఇనపడి ఉండదు. ఆ దీవిలో మేం ఎవుల్నీ పేరెట్టి పిలవం" అన్నాడు.

మాకు నవ్వు ఆగిపోయింది. నేను మెల్లగా, మరి మాకు వినబడిన ఆ "శ్రీనివాసూ" ఎవరు పిలిచారు అన్నాను.

సంధ్య నా చేయి పట్టుకుంది.

"శ్రీనివాసూ అని మీకు వినబడిందా?" అంది. "నాకు 'సంధ్యా' అని వినబడింది."

ఆ మాటకి అప్పలరాజు మోటారు వేగం పెంచేశాడు. ఒడ్డు చేరేదాకా అతను వెనక్కి చూడలేదు. మేమూ చూడలేదు.

కాబట్టి పాఠకులారా, రాంగోపాల్‌పేట్ వాస్తవ్యుడనైన నేను, మీ అందరి సాక్షిగా, పూర్ణ స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. భార్య దగ్గర లేని ధైర్యం ఉన్నట్టు ఇక జన్మలో నటించను. ఎవరూ వెళ్ళని చోటికి ప్రైవేటుగా వెళ్ళను. ఒకవేళ విధి వక్రించి ఏ దీవికైనా వెళ్ళాల్సి వస్తే, పడవ దిగిన క్షణం నుంచి మళ్ళీ ఎక్కేదాకా నేను శ్రీనివాస్‌ని కాను. అక్కడ ఎవరడిగినా మా బావ పేరే చెబుతాను.