ఎక్కడ ఆపాలో తెలిసిన మా బావ

మా బావ శ్రీపాల్‌కు మాట మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలీదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన నోరు మంచిదే, బ్రేకులే లేవు. నర్మెట్టలో ఆయన బండి చప్పుడు వింటే జనం గేట్లు వేసుకుంటారు.

జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాడు. డాక్టరేట్ కోసం ఏళ్ల తరబడి అవకలన సమీకరణాలతో కుస్తీ పట్టాడు. నాకు అర్థమైంది ఇంతే. కొన్ని సమీకరణాలకు ఒక మొండి చోటు ఉంటుంది, దాన్ని సింగ్యులర్ పాయింట్ అంటారు. దాని దగ్గరికి పోయేకొద్దీ జవాబు ఎలా నడుచుకుంటుందో సూటిగా దొరకదు. ఒక శ్రేణి రాసి, ఒక్కో పదం కలుపుకుంటూ పోవాలి. మొదట్లో పదాలు చిన్నవవుతూ నిజానికి దగ్గరగా తీసుకుపోతాయి, ఆ తర్వాత పెరగడం మొదలుపెడతాయి. అన్నిటికన్నా చిన్న పదం దగ్గర ఆగిపోవాలి. ఆశపడి ఇంకా కలిపితే అప్పటిదాకా కుదిరిన లెక్క కూడా పాడవుతుంది. ఎక్కడ ఆపాలన్నదే మా బావ థీసిస్. దేవుడికి వెటకారం ఎక్కువ.

కేసముద్రంలో నాకు పిల్లను చూడబోయినప్పుడు ఆ ఇంటాయన దాదాపు ఒప్పుకున్నాడు. "పిలగాడు మంచోడు," అన్నాడు బావ. అందరూ తలలూపారు. "తాగడు," అన్నాడు. ఇంకా సంతోషించారు. అక్కడ ఆపి ఉంటే ఈపాటికి నాకు ఇద్దరు పిల్లలు. "తాగినా లొల్లి పెట్టడు," అన్నాడు. పిల్ల తండ్రి లేచి, మా చెప్పులు ఎక్కడున్నాయో చూపించాడు.

అలాంటి మనిషికి వరంగల్లులో వైవా, అంటే నోటి పరీక్ష. గైడు ఆ నెలలోనే రిటైరవుతున్నాడు. ఈసారి థీసిస్ వెనక్కొస్తే మళ్లీ చూసే నాథుడు లేడు. ఆ గైడే భయపడి మా అక్క విమలకు ఫోన్ చేసి, ముందు వరుసలో కూర్చుని, మొగుడు హద్దు దాటబోతే దగ్గమని బతిమాలాడు. తోడుగా నేనూ పోయాను.

ఎక్కడినుంచో వచ్చిన పరీక్షకుడు, చివరికి చెడిపోయే శ్రేణిని ఎందుకు నమ్మాలని అడిగాడు. అతి చిన్న పదం దగ్గర ఆపితే తప్పు కూడా దాదాపు అంత చిన్నగానే ఉంటుందని బావ చెప్పాడు. పరీక్షకుడు బాగుందన్నాడు. ఇంకేమైనా చెబుతారా అని కూడా అన్నాడు.

గైడు కళ్లు మూసుకున్నాడు. నాకు కేసముద్రం చెప్పులు గుర్తొచ్చాయి. బావ నోరు తెరిచి అక్క వైపు చూశాడు. అక్క దగ్గలేదు, సైగ చేయలేదు. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి.

"ఏం లేదు సార్," అన్నాడు.

డాక్టరేట్ వచ్చింది. కానీ తిరుగు బస్సులో బావ పస్తున్నవాడిలా కూర్చున్నాడు. చూస్తే నాకే జాలేసింది.

"ఇగ చెప్పుండ్రి," అంది అక్క. "ఆడ మింగినయన్ని చెప్పుండ్రి. నేనింట."

బావ మొదలుపెట్టాడు. ఘన్‌పూర్ దాటింది, రఘునాథపల్లి దాటింది. నేను లేచి కండక్టరు పక్కకు పోయి కూర్చున్నాను. అక్క మాత్రం ఆయన ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు.

జనగామ రాగానే దిగుదాం పదండన్నాను. అక్క నా వైపు కోపంగా చూసింది.

"జర ఆగురా. ఇంకా చెప్తుండు కదా."

బస్సు మా ముగ్గురినీ దింపకుండానే హైదరాబాద్ దారి పట్టింది.