తర్వాతి ముక్క ఎవరిది?

మొన్న చీరాలలో ఆటో ఎక్కితే డ్రైవర్ ఒక పాత పాట పెట్టాడు. మొదటి చరణానికి ముందు వేణువు ఆగి, గాయని ఊపిరి తీసుకున్న సవ్వడి సన్నగా వినిపించింది. రెప్పపాటు కూడా ఉండదది. రహీమా టీచర్ గారు గుర్తొచ్చారు. ఆ ఊపిరిని మొదట నాకు వినిపించింది ఆవిడే.

నేను పర్చూరు స్కూల్లో టీచరుగా చేరిన కొత్తలో ఆవిడ అక్కడ సోషల్ చెప్పేవారు. ఇద్దరం చీరాల నుంచి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. బస్సులో పాటలు మోగుతూనే ఉండేవి. ఒకరోజు ఆవిడ నా మోచేయి పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ వినమ్మా" అన్నారు. విన్నాను. ఏముందో తెలియలేదు. "పాడబోతూ ఊపిరి తీసుకుంది చూశావా? నాకు పాటంతా ఒకెత్తు, అదొకెత్తు. మరి నీకు?" అని అడిగారు. నేను నాకిష్టమైన పాటల పేర్లు చెప్పబోయాను. "పాట కాదమ్మా, పాటలో ఎక్కడ?" అన్నారు.

ఆవిడ అందరినీ అలాగే అడిగేవారు. డ్రిల్లు మాస్టారు డప్పు అందుకునే చోటు చెప్పి, బల్ల మీద వాయించి చూపించారు. స్కూల్లో వంట చేసే సుబ్బులు, "లాలిపాటలో పిల్లాడి పేరొచ్చే కాడండీ. ఆడ మా వాడి పేరు పెట్టుకుంటా" అంది. అక్కడే ఎందుకు, ఇంకోచోట ఎందుకు కాదు అని బస్సు పొగాకు చేల మధ్య పోతున్నంతసేపూ ఆవిడ ఆలోచించేవారు. తేలేది కాదు. తేలలేదన్న దిగులూ ఆవిడకు ఉండేది కాదు.

ఆ ఏడు మిరపకోతల్లో మా నాన్న పోయారు. సెలవు ముగించుకుని మళ్ళీ బస్సెక్కేనాటికి కూడా నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదో అర్థంకాక భయంగా ఉండేది. ఆ మాటే ఆవిడతో చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. "నాన్నగారు పాడేవారా?" అని అడిగారు.

"లేదండీ. కళ్ళంలో మిరపకాయలు తిరగేసేటప్పుడు ఏదో ముక్క కూనిరాగం తీసేవారు. సగంలో ఆపేసి మళ్ళీ మొదటికొచ్చేవారు."

"ఎక్కడ ఆపేవారు?"

మాటల్లో ఎలా చెప్పాలో తెలియక, గొంతు తగ్గించి ఆ ముక్క పాడాను. ఆయన ఆపే చోటికి వచ్చి నేనూ ఆగాను. ఎండిన కాయల గలగల, మళ్ళీ మొదలుపెట్టే ముందు ఆయన చిన్నగా దగ్గడం, అన్నీ వినిపించాయి. ఏడ్చేశాను. బస్సులో జనం తిరిగి చూశారు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. దిగేటప్పుడు మాత్రం, "అక్కడే ఎందుకు ఆపేవారో మీ అమ్మగారిని అడుగు" అన్నారు.

ఆదివారం ఊరెళ్ళి అడిగాను. అమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది.

"ఆ తర్వాత ముక్క నేను పాడేదాన్ని. పెళ్ళైన కొత్తలో ఆ చివర ఆయన, ఈ చివర నేను కాయలు తిరగేస్తా పాడుకునేవాళ్ళం. పదిమందిలో ఏంటా పాటలని మీ నాయనమ్మ ఓసారి కసిరింది. నేను మానేశా. ఆయన మానలా."

"మళ్ళీ ఎప్పుడూ అందుకోలేదా?"

"సిగ్గేసేది. తర్వాత తర్వాత అలవాటే తప్పింది."

అమ్మ తల వంచుకుని, మిగిలిన ముక్క పాడింది. రాగం ఎక్కడా తప్పలేదు. ఆ పాటకి అంత చక్కటి రెండో సగం ఉందని నాకప్పుడే తెలిసింది.

సోమవారం బస్సులో ఇదంతా చెప్పాను. పర్చూరులో దిగాక రహీమా టీచర్ గారు, "అయితే అన్నేళ్ళూ మీ అమ్మగారికి చోటు ఉంచారన్నమాట" అన్నారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా కూనిరాగం తీస్తూ మధ్యలో ఆగితే, పాట మరిచిపోయారని అనుకోను. తర్వాతి ముక్క ఎవరిదని అడుగుతాను.